నీడ ఉన్న మంట

అనగా అనగా, నిప్పుని కూడా కులగోత్రాలడిగే రాజ్యం ఒకటుండేది. దాని పేరు సెగలకోట. దానికో రాజు, అరుణభూపతి. ఆయనకో రాణి, మలయవతి. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధవళకేతు, నడిపివాడు మేఘకేతు. మూడోవాడు పుట్టేసరికి రాజుగారికి పేర్లు వెతికే ఓపిక అయిపోయింది, అందుకని వాడు చిన్నకేతు.

సెగలకోట వెనకాల నిప్పులకొండ ఉంది. ఆ కొండ కడుపులోంచి రెండు రకాల నిప్పుజీవాలు అప్పుడప్పుడూ ఊరి మీదికి దిగొచ్చేవి. ఒకటి నిప్పునాగు. పొలుసుల ఒళ్ళు, గబ్బిలం రెక్కలు, నోరు తెరిస్తే మంట. చూడ్డానికి భయమేస్తుంది గాని, పాపం అదో జంతువు. ఆకలేసి వస్తుంది, కడుపు నిండితే పోతుంది. రెండోది అగ్నిరాక్షసుడు. వాడికి ఒళ్ళన్నదే లేదు, నిలువెల్లా మంటే. వాడు ఆకలేసి రాడు, తగలబెట్టడం సరదా కాబట్టి వస్తాడు.

నాగు వస్తే కుండెడు నెయ్యి పెట్టి సాగనంపాలి. రాక్షసుడు వస్తే ఏడో సముద్రం నీళ్ళు పోసి ఆర్పాలి. మామూలు నీళ్ళు వాడిని చేరకముందే ఆవిరైపోతాయి. దీనికి చెయ్యాల్సింది దానికి చేశారో, ఇక అంతే సంగతులు. నీళ్ళు పోస్తే నాగు పగబడుతుంది. రాక్షసుడికి నెయ్యి పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, అగ్నికి ఆజ్యం పోసినట్టే.

అందుకని వచ్చింది నాగా, రాక్షసుడా అని ముందు తేల్చాలి. తేల్చే పని మొదట్లో పండితులది. రెక్కలుంటే నాగే అని ఒకాయన అనేవాడు. రాక్షసుల్లో కూడా రెక్కలున్న తెగ ఉంది, మా తాత కళ్ళారా చూశాడు అని రెండో ఆయన. మీ తాత చూసింది రెక్కలు కాదు, పొగ అని మూడో ఆయన. వీళ్ళిలా తాతల దాకా వెళ్ళి పోట్లాడుకుంటుంటే, అక్కడ వచ్చిన జీవం గడ్డివాములన్నీ తగలబెట్టి తాపీగా కొండెక్కేది. చివరికి రాజుగారి ముత్తాత విసిగిపోయి మూడు పరీక్షలు పెట్టాడు.

మొదటిది నీడ. ఎండలో నిలబెడితే నాగుకి నీడ పడుతుంది, ఒళ్ళుంది కాబట్టి. రాక్షసుడికి పడదు. రెండోది నెయ్యి. ముందు పెడితే నాగు నాకుతుంది, రాక్షసుడు తోసేస్తాడు. మూడోది పిలుపు. "ఎవరక్కడ?" అని కేకేస్తే నాగు పలకదు, దానికి మాట రాదు. రాక్షసుడు మాత్రం గర్వం ఆపుకోలేక "నేను!" అంటాడు. మూడింటిలో రెండు ఎటు మొగ్గితే అదే జాతి. జాతి తేలేదాకా ఎవరూ చెయ్యెత్తకూడదు, తేలాక ఎవరూ నోరెత్తకూడదు. పరీక్ష జరిగే చోటికి ఆడవాళ్ళు అసలే రాకూడదు, జాలిపడతారట. ఇదీ సెగలకోట కట్టుబాటు.

పండితుల తరవాత ఆ పని నడిపి రాకుమారుడు మేఘకేతుకి వచ్చింది. నెమ్మదస్తుడు, నిజాయితీపరుడు. అతను రాక్షసుడన్నది ఎప్పుడూ రాక్షసుడే అయింది, నాగన్నది ఎప్పుడూ నాగే అయింది. ఊరంతా అతని మాట మీద గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయేది.

ఇలా ఉండగా ఒక ఏడాది కోటలో ఏడో సముద్రం నీళ్ళు నిండుకున్నాయి. ఎవరో ఒకరు వెళ్ళి తేవాలి. పెద్దవాడు ధవళకేతు లేచాడు. వాడంటే తమ్ముళ్ళకు ప్రాణం. చిన్నకేతుని భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పినవాడు, ఈత నేర్పినవాడు. తల్లి గుమ్మం దాకా వచ్చింది.

"వానలు పడేలోగా వచ్చేస్తానమ్మా," అన్నాడు.

వానలు పడ్డాయి. వెలిశాయి. మళ్ళీ పడ్డాయి. ధవళకేతు రాలేదు. చినుకు మొదలైతే చాలు రాణి మలయవతి వెళ్ళి గుమ్మంలో నిలబడేది. తడుస్తున్నావు లోపలికి రా అంటే వినేది కాదు.

ఒకనాడు పొద్దున కోటగుమ్మం ముందుకు ఒక నిప్పుజీవం వచ్చింది. కొండ వైపు నుంచి కాదు, సముద్రం దారి నుంచి వచ్చింది. నిలువెత్తు మంట. గడ్డి ఉన్నచోట అడుగు పెట్టకుండా, ఇసక మీదే జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చి, గుమ్మానికి దూరంగా ఆగిపోయింది. ఒక్క వాము కాలలేదు, ఒక్క తాటాకు మాడలేదు.

పిల్లలూ, అదెవరో మీకప్పుడే తెలిసిపోయింది, నాకు తెలుసు. వాళ్ళకు తెలియలేదు. వాళ్ళు పెద్దవాళ్ళు, అందులోనూ పరీక్షలు పెట్టేవాళ్ళు.

మేఘకేతు పరీక్ష మొదలుపెట్టాడు. ఎండలో చూశాడు, నీడ ఉంది. నల్లగా, పొడుగ్గా, మనిషంత నీడ. "ఒకటి నాగు వైపు," అన్నాడు. నెయ్యి పెట్టించాడు. మంట ఆ కుండ వంక చూసి పక్కకు జరిపింది. "ఒకటి రాక్షసుడి వైపు." అప్పుడు కేక వేశాడు.

"ఎవరక్కడ?"

మంట గిలగిల్లాడింది. ఏదో చెప్పబోయింది, నాలుక కూడా నిప్పే కదా, తిరగలేదు. ఎంతో కష్టపడితే ఒక్క మాట వచ్చింది.

"నేను!"

"రెండు రాక్షసుడి వైపు," అన్నాడు మేఘకేతు. "వీడు రాక్షసుడు."

ఆ మాట వినగానే మంట చెంపదెబ్బ తిన్నట్టు కుంగిపోయింది. భటులు దాన్ని రాతిదొడ్డిలోకి తోలి తలుపు మూశారు. ఆర్పడానికి నీళ్ళు లేవు కాబట్టి, తెమ్మని చిన్నకేతుని పంపారు.

"నీళ్ళు తెస్తాను, మా పెద్దన్నయ్య జాడ కూడా తెస్తాను," అని తల్లికి మొక్కి బయలుదేరాడు చిన్నకేతు.

మొదటి సముద్రం ఒడ్డున ఒక కొంగ ముల్లు గుచ్చుకున్న కాలితో కుంటుతోంది. చిన్నకేతు ముల్లు తీశాడు. "ఎక్కడికి నాయనా?" అంది కొంగ. "రాక్షసుణ్ణి ఆర్పే నీళ్ళ కోసం." "రాక్షసుడని ఎవరన్నారు?" "మా చిన్నన్నయ్య అన్నాడు." "ఓహో," అని కొంగ అతని పడవకి ముందు ఎగురుతూ దారి చూపించి రెండు సముద్రాలు దాటించింది.

మూడో సముద్రంలో ఒక పెద్ద చేప, దాని నోట్లో గాలం. చిన్నకేతు గాలం ఊడదీశాడు. "ఎక్కడికి నాయనా?" "రాక్షసుణ్ణి ఆర్పే నీళ్ళ కోసం." "రాక్షసుడని ఎవరన్నారు?" "మా చిన్నన్నయ్య." "వాడేం తగలబెట్టాడు?" చిన్నకేతు ఆలోచించాడు. "ఇంకా ఏమీ తగలబెట్టలేదు," అన్నాడు. చేప పడవని లాక్కుంటూ మరో రెండు సముద్రాలు దాటించింది.

అయిదో సముద్రంలో ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తోంది. చిన్నకేతు దాన్ని బోర్లా తిప్పాడు. అదీ ఎక్కడికనే అడిగింది, అతనూ అదే చెప్పాడు. "రాక్షసుడని ఎవరన్నారు?" "మా చిన్నన్నయ్య." "వాడేం తగలబెట్టాడు?" "ఏమీ తగలబెట్టలేదు." "మరి ఎందుకొచ్చాడట మీ గుమ్మానికి?"

తాబేలు వీపు మీద కూర్చుని మిగతా మూడు సముద్రాలు దాటుతున్నంతసేపూ చిన్నకేతు ఆ ప్రశ్నే తనను తాను అడుక్కుంటూ ఉన్నాడు.

ఏడో సముద్రం అవతలి ఒడ్డున కంకాళుడనే మాంత్రికుడి మేడ ఉంది. నీకు ముందు నీళ్ళకొచ్చినవాడు ఆ మేడలోకే వెళ్ళాడు అంది తాబేలు. మేడలో బంగారు పంజరం, పంజరంలో చిలక. దానికి జామపండు పెడుతూ ఒక రాజకుమారి. ఆరో సముద్రం దీవిలో పుట్టిన పిల్ల, పేరు కువలయ. మాంత్రికుడు ఎత్తుకొచ్చి చాకిరీ చేయిస్తున్నాడు.

మాంత్రికుల ప్రాణం ఎక్కడుంటుందో చిన్నకేతుకి తెలియకపోతే కదా! సరాసరి వెళ్ళి చిలకని పట్టుకున్నాడు.

"మా అన్నయ్య ఎక్కడ? చెప్పకపోతే దీని మెడ నులిమేస్తాను!"

కంకాళుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నులుముకో. పాపం అది ఉత్త చిలక. మా తాతా, మా నాన్నా, మా మేనమామా అందరూ చిలకలోనే ప్రాణం దాచుకున్నారు. అందరి చిలకలకీ ఎవడో ఒక రాజకుమారుడొచ్చి మెడ విరిచాడు. నేనంత వెర్రివాణ్ణి కాను. చిలక మెడ ఎవడైనా విరుస్తాడు. తోడబుట్టినవాడి ప్రాణం ఎవడు తీస్తాడు?"

చిన్నకేతు చేతిలోంచి చిలక జారిపోయింది.

"అవునురా," అన్నాడు కంకాళుడు. "నీళ్ళకొచ్చిన మీ అన్నని మంట చేసి, ఆ మంటలో నా ప్రాణం పెట్టి, మీ ఇంటికే పంపాను. ఒంటినిండా మంట, నీడ మాత్రం మనిషిది. రక్తం పంచుకున్నవాళ్ళు చూసి ఏ జాతి అంటే ఆ జాతి అయిపోతాడు. మనిషి అని ఉంటే ఆ పూటే మనిషయ్యేవాడు. మీ కట్టుబాటు తెలిసే పంపాను. మీ పరీక్షల్లో నాగుంది, రాక్షసుడున్నాడు, మనిషి లేడు. మీ చిన్నన్న రాక్షసుడన్నాడు కదూ? అప్పట్నించీ నీడ తరుగుతోంది. పూర్తిగా తరిగిపోయాక వాణ్ణి ఏ నీళ్ళూ ఆర్పలేవు, నా ప్రాణానికి ఇక ఢోకా లేదు. వాడే మీ ఊరు కాల్చేస్తాడు, మిమ్మల్ని గుర్తు కూడా పట్టడు."

"ఆ మాట వెనక్కి తీసుకుంటే?"

"నీడ జానెడైనా ఉండగా మీ ఇంటిల్లిపాదీ ఒక్క నోట తీసుకుంటే మళ్ళీ మనిషే. నా ప్రాణం ఇంకో చోట వాలుతుంది, నాకేం పోదు. కానీ మీ ఊళ్ళో మాట వెనక్కి తీసుకునే అలవాటుందా?" మళ్ళీ నవ్వాడు. "ఇదిగో, నీళ్ళు కూడా పట్టుకెళ్ళు. మీ అన్న నెత్తిన పోసుకో. నువ్వు పొయ్యలేవు, నాకు తెలుసు."

చిన్నకేతు కళ్ళకేమీ కనిపించలేదు. కువలయే రాతికూజాలో నీళ్ళు నింపి అతని చేతికిచ్చింది. "ఏడవడానికి దారిలో బోలెడంత సమయం ఉంది, ముందు పద," అంది. కంకాళుడి నవ్వు ఆగేలోగా ఇద్దరూ తాబేలు ఎక్కారు. తాబేలు కదా, నెమ్మదిగా పోతుందనుకుంటారేమో. తన మూడు సముద్రాలు దాటించాక మిగిలిన నాలుగూ కూడా దాటించింది, ఆగలేదు, తిండి తినలేదు.

సెగలకోట చేరేసరికి బారెడు పొద్దెక్కింది. చిన్నకేతు పరుగెత్తుకుంటూ వెళ్ళి రాతిదొడ్డి తలుపు తెరిచాడు. మంట మూలన ఒదిగి కూర్చుని ఉంది. దాని నీడ ఇదివరకటంత లేదు, మూరెడే ఉంది.

"నాన్నగారూ! చిన్నన్నయ్యా! వీడు పెద్దన్నయ్యే. రాక్షసుడన్న మాట వెనక్కి తీసుకోండి, ఇప్పుడే, అందరం కలిసి!" అని రొప్పుతూ ఉన్నదంతా చెప్పాడు.

రాజు నిలబడిపోయాడు. మేఘకేతు ముఖం పాలిపోయింది. ఇద్దరూ ఆ మంట వంక చూశారు. నమ్మాలని ఉంది. నమ్మకపోతే ఎలాగని కూడా ఉంది. కానీ పిల్లలూ, పుట్టినప్పటి నుంచీ పట్టుకున్న పద్ధతి ఒక్క నిమిషంలో చేతినుంచి ఊడి రాదు.

"ఉత్తినే ఎలా తీసుకుంటాం నాన్నా?" అన్నాడు రాజు. "రేపు ప్రతివాడూ వచ్చి, వీడు రాక్షసుడు కాదు మా బాబాయి అంటాడు. మళ్ళీ పరీక్ష పెట్టి, తేడా వస్తే తీసుకుందాం."

"అవును తమ్ముడూ," అన్నాడు మేఘకేతు. "గబగబా పెట్టేస్తాను. పరీక్షలో నిలబడితే ఇంకెవరూ కాదనలేరు. అన్నయ్యకోసమేగా, పద్ధతిగా చేద్దాం."

"పద్ధతి తగలెయ్యా!" అని అరిచాడు చిన్నకేతు. "నీడ తరిగిపోతోంది, చూడు!"

అతని మాట ఎవరూ విననే లేదు. నెయ్యి తెమ్మని ఒకడు పరుగెత్తాడు. ఉట్టి మీద కుండ దించడానికి నిచ్చెన కావాలన్నారు. నిచ్చెన ఎవరో ఇంటి కప్పు నేయడానికి పట్టుకెళ్ళారు. అది వచ్చింది, కుండ వచ్చింది, మంట కుండని పక్కకు జరిపింది. మేఘకేతు కేక వేశాడు, మంట "నేను" అంది. ఇక నీడ. ముత్తాత పెట్టిన నియమంలో అడుగుకి తక్కువైన నీడ నీడ కాదని ఉంది. మేఘకేతు వంగి కొలిచాడు. అడుగు లేదు.

"మూడూ..." అని ఆగిపోయాడు. మూడూ రాక్షసుడి వైపే.

అంతలో చిన్నకేతు కేకలు విని అంతఃపురంలోంచి మలయవతి వచ్చేసింది. రాకూడదని భటులు అడ్డుపడితే వాళ్ళని తోసుకుంటూ వచ్చింది. వచ్చి పరీక్ష పెట్టలేదు, నీడ చూడలేదు. మంట ముఖం వంక చూసింది, అంతే.

"నా తండ్రే! ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నావా, గోడకవతల?" అని మీదపడబోయింది. ఆమెను కాల్చకూడదని మంట వెనక్కి వెనక్కి జరిగి రాతిగోడకు అతుక్కుపోయింది.

అప్పుడు కూలబడ్డాడు మేఘకేతు. "అన్నయ్యా! రాక్షసుడివి కాదు, మా అన్నయ్యవి! నా మాట తప్పు, వెనక్కి తీసుకున్నాను!" అన్నాడు. రాజూ అన్నాడు. రాణీ అంది. చిన్నకేతూ అన్నాడు. ఇంటిల్లిపాదీ ఒక్క నోట అన్నారు.

మంట మంటలాగే ఉంది. కాళ్ళకింద నీడ బెత్తెడు కూడా లేదు. కుండ దించే నిచ్చెన కోసం వెతికినప్పుడే జానెడు దాటి తరిగిపోయింది.

ఇంకా తరుగుతోంది. బెత్తెడు కాస్తా వేలెడైంది. మంట రంగు మారుతోంది. దొడ్డి పక్కనున్న ఇంటి చూరు తాటాకు చిటపటమనడం మొదలైంది. మంట ఆ చప్పుడు విని అటు చూసింది. దాని ముఖంలో మొదటిసారి ఒక సరదా కనిపించింది.

మరుక్షణం ధవళకేతు తనను తాను కూడదీసుకున్నాడు. తమ్ముడి చేతిలోని రాతికూజా వంక చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, దప్పిక వేసిన బాటసారి ఇంటిగుమ్మంలో పట్టినట్టు, దోసిలి పట్టాడు.

"వద్దు," అన్నాడు చిన్నకేతు. "నావల్ల కాదు అన్నయ్యా. వద్దు."

దోసిలి దిగలేదు. నీడ నూలుపోగంత మిగిలింది. చిన్నకేతు తల్లి వంక చూశాడు. ఏ తల్లినీ అలా చూడకూడదు, అలాంటి ప్రశ్న అడగకూడదు. మలయవతి కళ్ళు మూసుకుంది. మూసుకునే, "దాహమేస్తోందిరా వాడికి," అంది.

చిన్నకేతు పోశాడు. ధవళకేతు తాగాడు. దోసిలి నుంచి చేతులు ఆరాయి, చేతుల నుంచి భుజాలు, భుజాల నుంచి ముఖం. మంటంతా ఆరిపోయి, ఒక మనిషి మిగిలాడు. చిక్కిపోయి ఉన్నాడు, గడ్డం పెరిగి ఉంది. ఎండలో అతని వెనక నిండు నీడ పడింది.

"చల్లగా ఉందిరా చిన్నా," అన్నాడు. తల్లి ఒళ్ళో తల పెట్టుకున్నాడు. ఇంకేమీ అనలేదు.

అక్కడ ఏడు సముద్రాల అవతల కంకాళుడు భోజనానికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. తరవాతెప్పుడో తాబేలు వచ్చి చెప్పింది. చెబితే సెగలకోటలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ధవళకేతుకి చితి పేర్చారు గాని నిప్పు పెట్టడానికి ఎవరి చెయ్యీ లేవలేదు. ఇన్నాళ్ళు కాలినవాణ్ణి ఇంకా కాల్చడమా అన్నాడు మేఘకేతు. ఏటి ఒడ్డున తడి ఇసకలో పడుకోబెట్టారు. ఆ తరవాత మేఘకేతు ఏ పరీక్షా పెట్టలేదు. సింహాసనం ఇస్తామన్నా వద్దని, ఏటి ఒడ్డునే గుడిసె వేసుకున్నాడు. చిన్నకేతు వారం వారం వెళ్ళి అన్నతో కలిసి అన్నం తినేవాడు. కోపం లేదా అంటే, ఉండేది. ఉన్నా వెళ్ళేవాడు.

పెళ్ళి లేని కథేమిటని అడుగుతారు మీరు. అయింది. ఏడాది గడిచాక చిన్నకేతుకీ కువలయకీ పెళ్ళయింది. అరుణభూపతి పందిట్లో నిలబడి అందరినీ పలకరించాడు, మధ్యమధ్య ఊరికే లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాడు. చిన్నకేతు చాలాకాలం రాజ్యం ఏలాడు, మంచిగానే ఏలాడు. పిల్లలు పుట్టారు, పంటలు పండాయి.

నిప్పులకొండ మీంచి నిప్పుజీవాలు అప్పుడూ దిగుతూనే ఉండేవి. ఏది దిగినా, పరీక్షలకంటే ముందు మలయవతి గుమ్మం దాటి వెళ్ళేది. ముసలితనం వచ్చినా వెళ్ళేది. "ఎవరి బిడ్డవి నాయనా?" అని అడిగేది. అవి చాలావరకు నాగులే అయ్యేవి, లేకపోతే రాక్షసులే. ఒకసారి ఒక రాక్షసుడు ఆమె చెయ్యి కాల్చాడు కూడా.

"ఇంక చాలమ్మా," అన్నాడు చిన్నకేతు వెన్న రాస్తూ. "ఇన్నేళ్ళలో ఒక్కడైనా మనిషి వచ్చాడా?"

"రాలేదు," అంది మలయవతి. "వచ్చిన రోజున అడగలేదు కదరా."

కథ కంచి దారి పట్టింది, మీరు పక్కల దారి పట్టండి. ఆ తల్లి మాత్రం గుమ్మం దగ్గరే ఉండిపోయింది.